పాలిమర్ వేసినా బ్లూ ఫేజ్ నిలవడం లేదు, ఏం చేయాలి?

చీపురుపల్లి_అమ్మాయి
విజయనగరంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది. ద్రవంలా పారుతూనే అణువులు వరసలో ఉండే పదార్థం లిక్విడ్ క్రిస్టల్. దాంట్లో డిగ్రీ వెడల్పులో మాత్రమే వచ్చే రంగుల అమరిక బ్లూ ఫేజ్, దాన్ని పాలిమర్‌తో నిలబెట్టడం నా ప్రాజెక్టు. నెమాటిక్ మిశ్రమంలో (అణువులన్నీ ఒకే దిక్కుకి ఉండే రకం) కైరల్ డోపెంట్, అంటే అణువుల్ని మెలితిప్పే పదార్థం కలిపి, సెల్‌ని వేడి చేసి మెల్లగా చల్లారిస్తే మైక్రోస్కోపులో ఆకుపచ్చ, ఎరుపు, నీలం పలకలు వస్తున్నాయి. ఒక డిగ్రీ దిగేలోపే అవి పోయి కొలెస్టెరిక్ (అణువులు ఒక్క దిక్కుకే మెలి తిరిగే మామూలు స్థితి) అయిపోతోంది. అది మామూలేనని అన్ని పుస్తకాల్లోనూ ఉంది, దాని గురించి కాదు నా గొడవ.

మోనోమర్ (పాలిమర్‌గా మారే ముడిసరుకు), ఫోటో ఇనిషియేటర్ (యూవీ తగిలితే ఆ మార్పుని మొదలుపెట్టేది) కలిపాను. పలకలు కనబడగానే ఉష్ణోగ్రత అక్కడే ఆపి యూవీ వేశాను. దీపం ఆర్పి చూస్తే ఒక్క పలక లేదు, అంతా తెల్లగా మసకబారిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఇదే. మా గైడుని అడిగితే "కాన్‌సెంట్రేషన్ మార్చి చూడు" అంటారు. మార్చాను కూడా. ఆ కైరల్ డోపెంట్ ధర చూస్తే గ్రాము బంగారం నయం అనిపిస్తుంది. ఇంకెంత పోయాలి?

గంటస్తంభం_దగ్గర
సబ్జెక్టు ఒక్క ముక్క అర్థం కాలేదు. గైడు డైలాగు మాత్రం నా బీటెక్ రోజుల నుంచీ తెలుసు.

బెంగళూరు_బెర్త్
మాది టెక్కలి. ఇక్కడ లిక్విడ్ క్రిస్టల్స్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. మీరు చెప్పిన దాంట్లో సగం లేదు. మోనోమర్లు ఏవి, ఎంత శాతం? యూవీ ఎన్ని నానోమీటర్లు, సెల్ మీద ఎన్ని మిల్లీవాట్లు పడుతోంది? సెల్ మందం ఎంత? పలకలు వచ్చాక ఏ చివర ఆపారు, పై చివరా, కింది చివరా?

చీపురుపల్లి_అమ్మాయి
ఆర్ఎం257, దాంతోపాటు ఈహెచ్‌ఏ. రెండూ కలిపి 8 శాతం. ఇనిషియేటర్ ఇర్గాక్యూర్ 651. సెల్ 10 మైక్రాన్లు. పలకలు బాగా పెరిగాక, అంటే కింది చివరకి దగ్గరగానే ఆపుతున్నాను. యూవీ సంగతి... ల్యాబ్‌లో దీపం పాడైంది. కొత్తదానికి ఇండెంట్ పెట్టాం, అది వచ్చేలోపు నా కాన్వొకేషన్ అయిపోతుంది. అందుకని గోళ్ల రంగు ఆరబెట్టే ల్యాంపు ఆన్‌లైన్‌లో తెప్పించాను. నవ్వకండి.

గంటస్తంభం_దగ్గర
నవ్వలేదు. మా చెల్లెలి పెళ్లికి ఆ ల్యాంపు కావాలి, ప్రాజెక్టు అయ్యాక అమ్ముతారా?

స్మార్ట్‌గ్లాస్_శ్రీకాకుళం
8 శాతం ఏం సరిపోతుందమ్మా. మేం క్లినిక్కులకి, ఆఫీసులకి స్విచ్ వేస్తే తేటపడే అద్దాలు బిగిస్తాం. ఆ ఫిల్మ్‌లోనూ ఉన్నది లిక్విడ్ క్రిస్టల్, పాలిమరే. కంపెనీవాళ్లు ట్రైనింగులో చెప్పింది ఏమిటంటే పాలిమర్ దాదాపు సగం ఉంటుందట. మీరు కూడా పెంచండి, గట్టిగా పట్టుకుంటుంది.

మాస్టారు_ఆముదాలవలస
బాబూ, ఆ రెండూ ఒకటి కావు. మీ అద్దాల ఫిల్మ్‌లో పాలిమరే ఇల్లు, లిక్విడ్ క్రిస్టల్ దాంట్లో బొట్లు బొట్లుగా చిక్కుకుని ఉంటుంది. ఈ అమ్మాయికి కావలసింది తిరగేసిన వ్యవహారం. లిక్విడ్ క్రిస్టల్ తనంతట తాను కట్టుకున్న అమరిక చెదరకుండా అలాగే ఉండాలి, పాలిమర్ ఎక్కడో కనబడకుండా దాక్కోవాలి. సగం పాలిమర్ వేస్తే ఆ అమరికే పుట్టదు.

కొంచెం పెద్దదే రాస్తున్నాను, రిటైరయ్యాక అడిగేవాళ్లు లేరు.

1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ని వేడి చేస్తుంటే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర మసక ద్రవం, 178.5 దగ్గర తేట ద్రవం. చల్లార్చేటప్పుడు నీలి, ఊదా రంగులు ఒక్క క్షణం మెరిసి పోయాయని కూడా రాశాడు. అమ్మాయి చూస్తున్న పలకలు ఆ కుటుంబానివే. అప్పటి నుంచి నూరేళ్ల పైచిలుకు అది డిగ్రీ వెడల్పు వింతగానే మిగిలింది.

డిగ్రీయే ఎందుకంటే, కైరాలిటీ, అంటే ఆ మెలితిప్పే గుణం ఎక్కువైతే అణువులు ఒక్క దిక్కుకే మెలి తిరిగి ఊరుకోవు. ఒక గీత చుట్టూ అన్ని దిక్కులకీ మెలి తిరగాలని చూస్తాయి. మధ్యలో అణువు నిలువుగా ఉంటే, బయటికి పోయేకొద్దీ వాలుతూ అంచు దగ్గర 45 డిగ్రీలు తిరుగుతుంది. అలాంటి గొట్టాలు అడ్డంగా, నిలువుగా, ఎదురుగా ఒకదాని పక్కన ఒకటి చేరి ఘనాకారంలో జాలకం కడతాయి. పలాసలో జీడిపప్పు డబ్బాలు అడ్డదిడ్డంగా పేరిస్తే సందులు మిగలవూ, ఇక్కడా అంతే. గొట్టాలు కలిసే చోట ఏ వరసకీ లొంగని సన్నటి గీతలు మిగిలిపోతాయి. వాటినే డిస్‌క్లినేషన్లు అంటారు. ఆ గీతల్లో క్రమం ఉండదు, శక్తి ఖర్చు మాత్రం ఉంటుంది. పూర్తి ద్రవంగా మారబోయే ఉష్ణోగ్రత దగ్గర ఆ ఖర్చు తక్కువ కాబట్టి బ్లూ ఫేజ్ బతుకుతుంది. కాస్త చల్లబడితే ఖర్చు భరించలేక అంతా మామూలు కొలెస్టెరిక్‌గా కూలిపోతుంది.

2002లో జపాన్‌లో కికుచి బృందం చేసిన పని చూడండి. కొద్దిగా మోనోమర్ కలిపి, బ్లూ ఫేజ్‌లో ఉండగానే యూవీతో పాలిమర్‌గా మార్చారు. అది ఎక్కువగా ఆ క్రమంలేని గీతల్లోకే పోయి చేరింది. అక్కడ లిక్విడ్ క్రిస్టల్ ఉంటేనే ఖర్చు. పాలిమర్ కూర్చుంటే ఆ ఖర్చు తగ్గిపోతుంది. దాంతో డిగ్రీ వెడల్పు కాస్తా 60 డిగ్రీలు దాటింది, గది ఉష్ణోగ్రత కూడా అందులోనే. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. బాగున్న చోట్లని పట్టుకోలేదు, చెడిన చోట్లని పట్టుకున్నారు, కట్టడం మొత్తం నిలిచింది.

పలాస_పప్పు
మా జీడిపప్పు డబ్బాల్లో సందులు ఉండవు మాస్టారూ. జీఎస్టీ కట్టి మరీ నింపుతాం.

స్మార్ట్‌గ్లాస్_శ్రీకాకుళం
మాస్టారు చెప్పాక అర్థమైంది, మాది బొట్ల వ్యవహారమే. కరెంటు లేనప్పుడు బొట్టు బొట్టుకీ అణువుల దిక్కు వేరు, వెలుతురు చెల్లాచెదురై అద్దం తెల్లగా కనిపిస్తుంది. కరెంటు ఇస్తే అన్నీ ఒక దిక్కుకి తిరిగి, పాలిమర్ వక్రీభవనానికి సరిపోయి తేటగా కనబడుతుంది. ఏసీయే ఇవ్వాలి, డీసీ తగిలితే ఫిల్మ్ పాడైపోతుంది. ఓ క్లినిక్‌వాళ్లు చవకరకం ఇన్వర్టర్‌కి కలిపారు, అద్దం జుయ్యిమంటూ ఒకటే మోత. ఇప్పుడు అంచుల దగ్గర తెల్ల మరకలు. గాలిలో తేమ అనుకుంటున్నాను, ఇటువైపు సముద్రం గాలి తెలుసుగా. సీలెంట్ సరిగా వేయని అద్దాలకే ఇది వస్తోంది.

పలాస_పప్పు
కరెంటు పోతే డాక్టరు గది తెల్లబడిపోతుందన్నమాట. మా ఊళ్లో అయితే పేషెంటుకి రోజంతా ప్రైవసీయే.

స్మార్ట్‌గ్లాస్_శ్రీకాకుళం
తిరగేసిన రకం కూడా ఉంది, కరెంటు లేనప్పుడు తేటగా, ఇస్తే తెల్లగా. దాంట్లో పాలిమర్ కొంచెమే, వలలా ఉంటుందట. ఖరీదు ఎక్కువ, ఇక్కడ ఎవరూ అడగరు.

బెంగళూరు_బెర్త్
అసలు విషయానికి వద్దాం. చీపురుపల్లి గారూ, మీ సమస్య శాతం కాదని నా అనుమానం. "ఉష్ణోగ్రత అక్కడే ఆపి" అన్నారు చూడండి, కిటుకు అక్కడుంది.

మోనోమర్, ముఖ్యంగా ఈహెచ్‌ఏ, లిక్విడ్ క్రిస్టల్ కాదు. అది కలిసి ఉన్నంతసేపూ మిశ్రమం ఫేజ్ మారే ఉష్ణోగ్రతని కిందికి లాగుతుంది. యూవీ వేశాక ఆ మోనోమర్ పాలిమర్ అయిపోయి ద్రవంలోంచి తప్పుకుంటుంది. మిగిలిన లిక్విడ్ క్రిస్టల్ శుద్ధి అవుతున్నట్టే కదా, దాని మార్పు ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. హాట్ స్టేజ్ (శాంపిల్‌ని వేడి చేసే పీట) అదే ఉష్ణోగ్రతలో ఉంది, బ్లూ ఫేజ్ బతికే ఉష్ణోగ్రతల కిటికీ మాత్రం పైకి పోయింది. మీ శాంపిల్ కదలకుండానే ఆ కిటికీకి దిగువన మిగిలిపోయింది, అంటే కొలెస్టెరిక్‌లో పడింది. పాలిమర్ కూడా దాంట్లోనే గట్టిపడింది. పైగా మీరు ఆపేదే కింది చివర. అర డిగ్రీ జరిగినా చాలు, మునిగిపోతారు.

అందుకే పై చివర ఆపండి. యూవీ ఒకేసారి ఏకధాటిగా కాకుండా విడతలుగా వేయండి. మధ్యమధ్యలో చూసుకుంటూ, పలకలు తగ్గుతున్నట్టుంటే 0.1 డిగ్రీ చొప్పున పైకి తీసుకెళ్లండి. పాలిమర్ వల కాస్త పట్టాక ఇక భయం లేదు.

నాగావళి_గట్టు
బెర్త్ అన్నయ్య చెప్పింది పేపర్లో బాగుంటుంది. అక్కడున్నది గోళ్ల ల్యాంపు. అది పెట్టె లోపల వేడెక్కిపోతుంది. శాంపిల్ చల్లబడలేదు, వేడెక్కి పూర్తి ద్రవం అయిపోయింది, ఆ స్థితిలోనే పాలిమర్ గట్టిపడింది. దీపం ఆర్పాక చల్లారి కొలెస్టెరిక్ ముక్కలు ముక్కలుగా వచ్చింది, మసకకి కారణం అదీ. నా ఓటు దీనికే.

ఇంకో మాట. ఆ ల్యాంపుల్లో 365, 405 నానోమీటర్ల రెండు రకాల ఎల్ఈడీలూ ఉంటాయి. ఇర్గాక్యూర్ 651కి 405 దాదాపు పనికిరాదు. వెలుగు మొత్తం చూసి బాగా పడుతోందనుకుంటాం, పని చేసేది సగమే.

బెంగళూరు_బెర్త్
వేడెక్కే అవకాశం లేదనను. కానీ స్టేజ్ కంట్రోలర్ వెనక్కి లాగుతుంది కదా, అంత తేడా రానివ్వదు.

నాగావళి_గట్టు
కంట్రోలర్ సెన్సర్ కింద ఉంటుంది, దీపం పైనుంచి వేస్తారు. పైగా వోల్టేజీ సంగతి. విజయనగరంలో మే నెల సాయంత్రం హాట్ స్టేజ్‌ని 0.1 డిగ్రీలో ఉంచిన వాళ్లు ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెడతాను.

గంటస్తంభం_దగ్గర
స్టెబిలైజర్ కొనమనండి. అదీ స్టెబిలైజేషనే కదా.

మాస్టారు_ఆముదాలవలస
మీ ఇద్దరి మధ్య తగాదా మైక్రోస్కోపే తీరుస్తుంది. అమ్మా, యూవీ వేస్తున్నప్పుడు పోలరైజర్లు అడ్డంగా ఉంచి కంటితో కాదు, కెమెరాతో చూడు, కళ్లకి యూవీ మంచిది కాదు. నాగావళి చెప్పినట్టు వేడెక్కి ద్రవం అయితే తెర మొత్తం నల్లబడాలి. బెంగళూరు చెప్పినట్టు కొలెస్టెరిక్‌లో పడితే నల్లబడదు, పలకల మీద గీతలు లేచి విసనకర్ర ఆకారాలు వస్తాయి. మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఇంకో ఖాళీ సెల్‌కి సన్నటి థర్మోకపుల్ అంటించి అదే దీపం కింద పెట్టు, ఎంత వేడెక్కుతోందో అంకె వస్తుంది.

చీపురుపల్లి_అమ్మాయి
ల్యాంపు పెట్టెలాగా ఉంటుంది మాస్టారూ, స్టేజ్‌ని దాంట్లోకే తోస్తున్నాం. లోపల ఏం జరుగుతోందో కనబడదు.

నాగావళి_గట్టు
పెట్టె విప్పి ఎల్ఈడీ ప్లేటు ఒక్కటి బయటికి తీయండి. 405వి నల్ల టేపుతో మూసేయండి. అడుగు దూరంలో ఏటవాలుగా పెట్టండి, వేడీ తగ్గుతుంది, తీవ్రతా తగ్గుతుంది. ఈ పనికి చదరపు సెంటీమీటరుకి రెండు మూడు మిల్లీవాట్లు చాలు. తొందరగా గట్టిపడితే వల ముతకగా వస్తుంది, నెమ్మదే మేలు.

బెంగళూరు_బెర్త్
దీంతో ఏకీభవిస్తున్నాను. సెల్ అంచులు జిగురుతో మూశారా? ఆక్సిజన్ ఉంటే అక్రిలేట్ పాలిమరైజేషన్ ఆగుతుంది, అంచుల దగ్గర అసలు పట్టదు. మిశ్రమం కలిపేటప్పుడు సీసా మూత తీసి వేడి చేయకండి, ఈహెచ్‌ఏ కొంత ఎగిరిపోతుంది. మీరు 8 అనుకుంటారు, ఉన్నది తక్కువ. గదిలో ట్యూబ్‌లైట్ బదులు పసుపు దీపం వాడండి.

కొత్తవలస_లైన్
ఇంత తంటాలెందుకో. 2008లో శామ్‌సంగ్ 15 అంగుళాల బ్లూ ఫేజ్ ప్యానెల్ చూపించింది, 240 హెర్ట్జ్ అని ఊదరగొట్టారు. ఎవరింట్లో ఉంది? ఓఎల్ఈడీ వచ్చాక దీని కథ ముగిసింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్ తీసుకుని ఉంటే ఉద్యోగమైనా వచ్చేది.

బెంగళూరు_బెర్త్
టీవీగా రాలేదు, నిజమే. వోల్టేజీ ఎక్కువ కావాలి, పెంచి తగ్గిస్తే పాత చోటికి సరిగా రాదు, ఆపినా కొంచెం వెలుగు లీకవుతుంది. పాలిమర్ వల గట్టిగా ఉంటే ఈ లీకు తగ్గుతుంది కానీ వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి, అక్కడే చిక్కుకుంది. కానీ మిల్లీసెకనులోపే స్పందిస్తుంది, అణువుల్ని వరసలో పెట్టే అలైన్‌మెంట్ పొర రుద్దే పనే లేదు. లెన్సులు, లేజర్లు, ఫేజ్ మాడ్యులేటర్ల మీద ఇప్పటికీ పని నడుస్తోంది. టీవీ రాకపోతే ఫిజిక్స్ చచ్చిపోదు.

బొబ్బిలి_టీవీ_షాపు
టీవీ మాట వచ్చింది కాబట్టి. పాలిమర్‌తో సరిచేసిన ప్యానెళ్లు ఎప్పటినుంచో ఇళ్లలో ఉన్నాయి కొత్తవలస బాబూ, మీకు తెలియదంతే. వీఏ రకం (అణువులు నిలువుగా నిలబడే) ప్యానెళ్లలో కొన్నిటికి ఫ్యాక్టరీలోనే లిక్విడ్ క్రిస్టల్‌లో రవ్వంత మోనోమర్ వేస్తారు. వోల్టేజీ ఇచ్చి అణువుల్ని కొంచెం వాల్చి, ఆ వాలులోనే యూవీ కొడతారు. తర్వాత వోల్టేజీ తీసేసినా ఆ వాలు గుర్తుండిపోతుంది, స్విచ్ వేయగానే అన్నీ ఒకే పక్కకి పడతాయి. ఒక శాతం కూడా ఉండదు పాలిమర్. నా దగ్గరికి వచ్చే టీవీల్లో పోయేది బ్యాక్‌లైట్ స్ట్రిప్పు, టీకాన్ బోర్డు, లేదంటే ప్యానెల్ అంచున సీఓఎఫ్. లోపలి పాలిమర్ పోయిందని ఎవరూ తేలేదు, తెచ్చినా నేను చేసేదేం లేదు.

కొత్తవలస_లైన్
ఇది తెలియదు. అయినా అది వేరే, బ్లూ ఫేజ్ వేరే.

బొబ్బిలి_టీవీ_షాపు
వేరేనే. రెండిట్లోనూ అమరిక వచ్చిన క్షణాన యూవీ కొట్టి దాన్ని బంధించడమే పని. ఎండలో పెట్టిన సెల్‌ఫోన్ తెర నల్లబడితే జనం కాలిపోయిందని పట్టుకొస్తారు. నీడలో పెడితే లిక్విడ్ క్రిస్టల్ మళ్లీ వరసలోకి వచ్చేస్తుంది. ఫీజు తీసుకోను, టీ ఇప్పిస్తారు.

పలాస_పప్పు
పాలిమర్ లేకుండా పెద్ద వెడల్పు రాదా? మాస్టారు పాలిమరే దారి అన్నట్టు చెప్పారు.

మాస్టారు_ఆముదాలవలస
అలా అనలేదు బాబూ. 2005లో కేంబ్రిడ్జ్‌లో కోల్స్, పివ్నెంకో అనేవాళ్లు రెండు అణువులని గొలుసుతో కలిపిన పదార్థాలతో పాలిమర్ లేకుండానే 44 డిగ్రీల వెడల్పు తెచ్చారు, 60 నుంచి 16 దాకా. కానీ దానికి ఆ ప్రత్యేకమైన అణువులు తయారు చేసుకోవాలి. కొనుక్కున్న మిశ్రమంతో ఎమ్మెస్సీ విద్యార్థి చేయగలిగింది పాలిమర్ దారే. మనవాళ్ల సంగతీ చెప్పాలిగా, 1977లో బెంగళూరు రామన్ సంస్థలో చంద్రశేఖర్ బృందమే పళ్లెం ఆకారపు అణువులు కూడా లిక్విడ్ క్రిస్టల్ అవుతాయని మొదట చూపించింది. ఆ పేపరు 'ప్రమాణ' అనే మన ఫిజిక్స్ పత్రికలోనే వచ్చింది.

చీపురుపల్లి_అమ్మాయి
ల్యాంపు విప్పాం. ల్యాబ్ అటెండర్ గారు సోల్డరింగ్ ఐరన్ పట్టుకొచ్చి అరగంటలో ప్లేటు బయటికి తీశారు. ముందుగా ఖాళీ సెల్‌కి థర్మోకపుల్ పెట్టి చూశాను. పెట్టె లోపల ఉన్నప్పుడు రెండు డిగ్రీలకి పైనే వేడెక్కుతోంది. బయట అడుగు దూరంలో పెడితే అంకె కదిలినట్టే లేదు. అంటే నాగావళి గారి మాటలో నిజం ఉంది.

తర్వాత బయటి దీపంతోనే పాత పద్ధతిలో, కింది చివరనే ఆపి వేశాను, కెమెరా పెట్టి చూశాను. నల్లబడలేదు. పలకల మీద గీతలు లేచి విసనకర్రలు వచ్చాయి. అంటే బెంగళూరు గారి మాటలోనూ నిజం ఉంది. ఇంతకాలం నా శాంపిల్‌ని ఇద్దరూ చెరో వైపు లాగారన్నమాట.

గంటస్తంభం_దగ్గర
తీర్పు డ్రా. పెళ్లికి ల్యాంపు మాత్రం పోయింది.

బెంగళూరు_బెర్త్
పై చివర, విడతలుగా. అది చేసి చెప్పండి.

చీపురుపల్లి_అమ్మాయి
చేశాను. పై చివర ఆపి, కొంచెంసేపు వేసి ఆపి, చూసి, 0.1 పెంచి, మళ్లీ వేసి. సెల్ మధ్యలో పలకలు నిలిచాయి. గది ఉష్ణోగ్రతకి తెచ్చినా ఆకుపచ్చవి అలాగే ఉన్నాయి, రంగు కొంచెం మారింది అంతే. అంచుల దగ్గర మాత్రం కొలెస్టెరిక్కే, జిగురు ఒక పక్క సరిగా అంటలేదు. గైడుకి చూపిస్తే "చెప్పానుగా, కాన్‌సెంట్రేషన్" అన్నారు. రేపే వోల్టేజీ ఇచ్చి కెర్ ఎఫెక్టు (వోల్టేజీతో వక్రీభవనం మారే తీరు) కొలుద్దామంటున్నారు.

నాగావళి_గట్టు
రేపే వద్దు. ముందు పూర్తి ద్రవం అయ్యేదాకా వేడి చేసి మళ్లీ చల్లార్చు చెల్లెమ్మా. పలకలు అవే చోట్ల, అవే రంగుల్లో వస్తేనే వల పట్టినట్టు. కొత్త చోట్ల వస్తే అది పాలిమర్ గొప్ప కాదు, శాంపిల్ ఆలస్యంగా మారుతోందంతే.

మాస్టారు_ఆముదాలవలస
ఇది ముఖ్యం. రాత్రంతా గదిలో వదిలేసి పొద్దున కూడా చూడు. పాలిమర్ లేని బ్లూ ఫేజ్ ఒక్కోసారి మార్పు ఉష్ణోగ్రత దాటి చల్లబడ్డా కాసేపు మొండిగా నిలబడుతుంది. దాన్ని చూసి మోసపోయిన వాళ్లు ఉన్నారు. మోనోమర్ వేయని సెల్ ఒకటి పక్కనే పెట్టుకో, వైవాలో మొదట అడిగేది అదే.

చీపురుపల్లి_అమ్మాయి
సరే మాస్టారూ. ఎల్లుండి దాకా హాట్ స్టేజ్ మా జూనియర్లది, ఈలోపు సెల్ అంచులు మళ్లీ అంటించుకుంటాను. కెర్ కొలవాలంటే ఎలక్ట్రోడ్లు ఒకే గాజు మీద పక్కపక్కన ఉన్న సెల్ కావాలి కదా, మా దగ్గర పైనా కిందా ఉన్నవే ఉన్నాయి. ఎవరి దగ్గరైనా మిగిలినవి ఉంటే కొరియర్ ఖర్చు నేను పెట్టుకుంటాను.

బెంగళూరు_బెర్త్
రెండు మూడు ఉన్నాయి, 10 మైక్రాన్ల గ్యాపువి. దసరాకి టెక్కలి వస్తూ విజయనగరంలో దిగి ఇస్తాను. అంతకు ముందే కావాలంటే అడ్రసు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.